పదకొండో స్థానానికి స్తోత్రం

మోటారు సైకిలు రేసులు శనివారం ఒకటి, ఆదివారం ఒకటి పెడతారు. ఈ ఏర్పాటు నేను చేసింది కాదు. కానీ మా ఊళ్ళో చాలామంది, ఆదివారాన్ని నేనే పనిగట్టుకుని ఎంచుకున్నట్టు మాట్లాడతారు. ఎందుకంటే మా నాయన పాస్టరు.

మాది పుత్తూరు దగ్గర ఒక పల్లె. మా ఇంటికీ చర్చికీ మధ్య ఒకే గోడ. చర్చి అంటే పెద్ద గంటా, శిఖరం ఊహించుకోవద్దు. రేకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, కింద పరిచిన పట్టలు, ఒక మైకు, ఒక కీబోర్డు. ఆ కీబోర్డు హైస్కూలు రోజుల నుంచీ నేనే వాయించేదాన్ని. నేను రాని ఆదివారం కంటికే కాదు, చెవికి కూడా తెలిసిపోతుంది. అందుకని దొంగచాటుగా రేసులకు పోయే వీలు నాకు లేదు. అలా పోవాలని అనుకోనూ లేదు.

నన్ను బండి ఎక్కించింది నాయనే. ఆయన కంటికి ఆపరేషను అయ్యాక పొద్దుగూకితే దారి సరిగా కనిపించేది కాదు. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి ప్రార్థనలకు పోవాలి. ఆటోలు పెట్టుకునే స్తోమత సంఘానికి లేదు, మాకూ లేదు. కాబట్టి బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి, మోపెడ్ మీద నాయనను ఎక్కించుకుని బయలుదేరేదాన్ని. కొండ కిందుగా చెరుకు తోటల మధ్య దారులు. వాన పడితే ఎర్రటి బురద, చక్రం ఎటు పోతుందో దానికే తెలియదు. నాయన బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని వెనకాల నుంచి చెబుతూనే ఉండేవాడు.

"నిదానం పాపా. ముందర బ్రేకు ముట్టుకోవద్దు. బురదలో బండిని బెదరగొట్టకూడదు. దాన్ని పోనీ, నువ్వు దాంతో పో."

చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. డిప్లొమా చదివి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరాక కూడా, కంపెనీ బస్సు దిగగానే నా రెండో డ్యూటీ నాయనను ప్రార్థనకు తీసుకుపోవడమే.

ఫ్యాక్టరీలో నా పక్కన బోల్టులు బిగించే అమ్మాయిది సూళ్లూరుపేట. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోను నా ముందు పెట్టింది. చెన్నైకి అవతల ఉన్న రేసు ట్రాకులో ఆడవాళ్ళకు ఒకరోజు ఉచితంగా నేర్పిస్తారట. "మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు బస్టాండు నుంచి మీ ఊరికి తోలేది సూసినా గదా. పోయి రా," అంది. తను రాలేదు. నేను పోయాను.

ఆ రోజు నేను జీవితంలో మొదటిసారి ఎదురుగా బండి రాని దారి చూశాను. బర్రెలు లేవు, స్పీడు బ్రేకర్లు లేవు, తప్పుడు వైపు నుంచి దూసుకొచ్చే ట్రాక్టరు లేదు. నల్లటి దారి మలుపులు తిరుగుతూ పోయి మళ్ళీ బయలుదేరిన చోటికే వస్తుంది. ఎక్కడికీ చేరాల్సిన పని లేదు. వాళ్ళిచ్చిన బండి మీద మొదటి రౌండు భయంగా తిరిగాను, రెండోది తెలివిగా తిరిగాను, మూడోదాంట్లో హెల్మెట్ లోపల గట్టిగా నవ్వుకున్నాను. సాయంత్రం నేర్పించిన తమిళావిడ నన్ను పక్కకు పిలిచి, బండిని ఇంత మెత్తగా పట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది.

"ప్రార్థనలకు పోతా పోతా నేర్చుకున్నా," అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. అయినా, రేసుకు లైసెన్సు ఎలా తీసుకోవాలో కాగితం మీద రాసి ఇచ్చింది.

ఇంటికొచ్చి రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు అన్నాల దగ్గర చెప్పాను.

"నాయనా, నేను రేసుల్లో బండి తోలాలనుకుంటా ఉండా."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. అమ్మ చేతిలో గరిటె ఆగింది. ప్రమాదం గురించి అడుగుతాడనుకున్నాను. ఖర్చెంతని అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "ఏ దినం?"

"ఆదివారం."

"ఆదివారం దేవునిది పాపా."

"మిగతా ఆరు దినాలూ ఫ్యాక్టరీవి నాయనా. నాకని మిగిలేది అదొక్కటే. నేనూ దేవుడూ పంచుకుంటాం."

"ఏం మాటలే అవి!" అని అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. నాయన కోప్పడలేదు. మిగిలిన అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, లేచిపోయాడు. మర్నాటి నుంచి నా బండెక్కడం మానేశాడు. ప్రార్థనలకు షేర్ ఆటోలో పోయేవాడు. ఆటో దొరక్కపోతే నడిచిపోయేవాడు. నేను మోపెడ్ తీసి వాకిట్లో నిలబెట్టి హారను కొట్టినా, నన్ను చూడనట్టు బైబిలు సంచి భుజానికి తగిలించుకుని పక్కనుంచి పోయేవాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. అలా నడిచిపోతున్న మనిషిని చూడటం కష్టంగా ఉండేది. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. నేను అడిగింది తప్పు పని కాదు.

బండి రేణిగుంటలో దొరికింది. గోడౌన్లలో పనిచేసే ఒకాయనది. లారీ కిందికి పోయి ముందు భాగం నుజ్జయింది. ఇనుము ధరకు అమ్మేస్తున్నాడు. ఓవర్‌టైము డబ్బులతో కొన్నాను. చర్చి గోడ పక్కన పట్ట పరుచుకుని సెలవు దొరికిన ప్రతి పూటా విప్పేదాన్ని, కడిగేదాన్ని, బిగించేదాన్ని. హెడ్‌లైటు, అద్దాలు, స్టాండు అన్నీ పీకేయాలి. ఇంజను ఆయిలు బోల్టు ఊడి ట్రాకు మీద ఆయిలు కారకుండా దానికి తీగ చుట్టి బిగించాలి. గోడకు అవతల నాయన ఆదివారం వాక్యం సిద్ధం చేసుకుంటూ ఉండేవాడు. నా స్పానరు చప్పుడుకు ఒక్కోసారి ఆయన గొంతు ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

తోలు సూటు లేకుండా ట్రాకు మీదికి రానివ్వరు. కొత్తది కొనే మాటే లేదు. రేసులు మానేసిన ఒక చెన్నై అబ్బాయి తన పాతది సగం ధరకు ఇచ్చాడు. నాకంటే జానెడు పొడవు మనిషి. ఆ సూటు తొడుక్కుంటే నేను లోపల ఎక్కడో ఉన్నాను. పుత్తూరులో లారీ సీట్లు కుట్టే సాయిబు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లారీ సీటుకు కొలతుంటాది బేటీ. దీనికి యాడ కొలిచేది?"

ఆయన భార్య వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయి కొలతలు తీసింది. వారం తర్వాత పోతే సూటు నా ఒంటికి సరిపోయింది. మోకాళ్ళ దగ్గర మాత్రం ఎర్ర రెగ్జిన్ ముక్క వేసి కుట్టాడు. లారీ సీటుది. "అరిగిపోయే జాగా గదా," అన్నాడు.

లైసెన్సు వచ్చింది, శనివారానికి ఫ్యాక్టరీలో సెలవు పెట్టాను. బండిని ట్రాకుకు చేర్చింది మా సంఘంలో మామిడికాయల వ్యాపారం చేసే అన్న. చెన్నై మార్కెట్టుకు ఎప్పుడూ పికప్ బండి వేసుకుని పోతుంటాడు. కాయల బుట్టల పక్కన నా బండిని తాళ్ళతో కట్టాక, నా ముఖం చూశాడు.

"అయ్యగారికి తెలుసా?"

"తెలుసు."

"ఒప్పుకున్నాడా?"

"అది మాత్రం అడగొద్దన్నా."

ఆయన అడగలేదు. తాళ్ళు ఇంకోసారి బిగించి, పికప్ ఎక్కాడు.

ట్రాకు దగ్గర అందరికీ గుడారాలు, ఫ్యాన్లు, ఒక్కో బండికి ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు. నేను ఎండలో పట్ట పరుచుకుని, స్టాండు లేదు కాబట్టి బండిని గోడకు ఆనించాను. పక్క గుడారం అబ్బాయి మర్యాదగానే అడిగాడు, "మీ టీము ఇంకా రాలేదా?" అని.

"వచ్చేసింది. నేనే," అన్నాను.

అది కొత్తగా చేరినవాళ్ళ పోటీ. అబ్బాయిలు, అమ్మాయిలు అందరూ కలిసే. మొత్తం వరుసలో ఆడపిల్లలం ఇద్దరమే. బయలుదేరమన్న గుర్తుగా ఎర్ర దీపాలు ఆరగానే ఒక్కసారి అన్ని బండ్లూ అరిచాయి. ఆ చప్పుడు పొట్టలో తగిలింది. మొదటి మలుపు వచ్చేసరికి నా ముందు అందరూ ఉన్నారు, వెనక ఎవరూ లేరు. కాసేపటికి వెనక నుంచి కూడా వచ్చారు, కానీ వాళ్ళు నా మీద ఒక రౌండు ఎక్కువ తిరిగి వచ్చినవాళ్ళు. దారి ఇమ్మని నాకు నీలం జెండా ఊపారు. ఇచ్చాను. ఆఖరి స్థానం. మర్నాడు ఆదివారం కూడా ఆఖరి స్థానమే.

సిగ్గుపడాలేమో, నాకు పడబుద్ధి కాలేదు. పోటీ ముగిసిందని ఆఖరివాళ్ళకు కూడా గళ్ళ జెండా ఊపుతారు. ఆ జెండా కింద నుంచి పోయేటప్పుడు నేనూ ఒక చెయ్యి ఎత్తి ఊపాను.

ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సంఘ పెద్ద మా వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. చర్చికి స్థలమిచ్చిన కుటుంబం ఆయనది. ఆ సంగతి ఆయనా మరిచిపోడు, మమ్మల్నీ మరిచిపోనివ్వడు.

"ఎన్నో స్థానం వచ్చిందమ్మా?"

"ఆఖరిది పెద్దయ్యా."

"దీనికోసమా ఆరాధన ఎగ్గొట్టి పోయింది?"

నేను అలసిపోయి ఉన్నాను. నాలుక జారింది అనను, కావాలనే అన్నాను. "మీరు ఇన్నేండ్లుగా పాటలో శ్రుతి తప్పుతానే ఉండారు గదా పెద్దయ్యా, పాడేది మానుకున్నారా?"

అమ్మ లోపలి నుంచి "ఒసే!" అని అరిచింది. నాయన తల వంచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికో, బాధకో, నాకు తెలియదు. అప్పటికి మా మధ్య మాటలు లేవు.

రెండోసారి పోయినప్పుడు శనివారం వాన మొదలైంది. గుడారాల్లో మెకానిక్కులు గబగబా వాన టైర్లు ఎక్కిస్తున్నారు. అవి కొనే శక్తి నాకు లేదు. నేను వేసుకున్నవి కూడా పెద్ద టీములవాళ్ళు వాడి పక్కన పడేసినవి, అడిగి తెచ్చుకున్నవే. పికప్‌లో, రేణిగుంట ఆయన దగ్గర బండితో పాటు వచ్చిన పాత రోడ్డు టైర్లున్నాయి. నీళ్ళు చిమ్మే గాడులు వాటి మీద ఇంకా పూర్తిగా అరగలేదు. పక్కవాళ్ళ పరికరాలు అడిగి తెచ్చుకుని, వానలో తడుస్తూ నేనే వాటిని ఎక్కించాను.

మొదటి మలుపులోనే ముగ్గురు జారిపడ్డారు. పడినవాళ్ళను తప్పించుకుని పోయాను. ముందర బ్రేకు ముట్టుకోలేదు. వేగం పెంచాలని చెయ్యి పీకుతుంటే, వెనకాల ఎవరో కూర్చుని ఉన్నట్టు, నిదానం పాపా, నిదానం అని వినిపించింది. బండిని బెదరగొట్టలేదు. ప్రతి రౌండులోనూ ఒకరో ఇద్దరో గడ్డిలో కూర్చుని కనిపించారు, పక్కన పడిపోయిన బండి. నేను ఎవరినీ గొప్పగా దాటిపోలేదు. పడకుండా పోయాను, అంతే. పోటీ అయ్యాక బోర్డు మీద చూస్తే నాది పదకొండో స్థానం. నా కింద ఇంకా పేర్లున్నాయి. వేలు పెట్టి కిందికి చదువుకున్నాను. పక్క గుడారం అబ్బాయి ఒళ్ళంతా బురదతో వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

మర్నాడు ఆదివారం, ఎండ కాసింది. నిన్నటి ధైర్యంతో నేనూ గట్టిగానే తోలాను. నాలుగో రౌండులో నా ముందున్నతను మలుపు మధ్యలో జారాడు. తప్పించడానికి చోటు లేదు. అతని బండికి నాది తగిలింది. ఆకాశం ఒకసారి కిందికి వచ్చింది, తర్వాత భుజం నేలకు తగిలింది. లోపల పుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. అక్కడి డాక్టరు మెడ కింది కాలర్ ఎముక విరిగిందని చెప్పి చేతికి గుడ్డ కట్టి మెడకు తగిలించాడు. నారింజ రంగు బట్టల్లో ఉన్న మనుషులు నా బండిని మోసుకొచ్చారు. ముందు ఫోర్కు వంగి, మెడ తిప్పుకున్న కొంగలా ఉంది.

పుత్తూరు మనుషులకు ఎముక విరిగితే వేరే ఆలోచన ఉండదు. సోమవారం పొద్దున్నే అమ్మ నన్ను పేరున్న పుత్తూరు కట్టు కట్టించడానికి తీసుకుపోయింది. బయట తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు బారులు తీరి ఉన్నారు. చెట్టు మీది నుంచి పడినవాళ్ళు, మెట్లు జారినవాళ్ళు. కట్టు కట్టేవాడు ఆకు పసరు పూస్తూ అడిగాడు.

"ఎట్ల పడినావు పాపా?"

"రేసులో."

"రేసులోనా? సినిమాల్లో మాదిరిగా?" అని గుడ్డ చుట్టడం ఆపి నా ముఖంలోకి చూశాడు. "గెలిచినావా?"

"శనివారం పదకొండు," అన్నాను. ఆయన గంభీరంగా తల ఊపాడు. నా స్థానం విని తల ఊపిన మొదటి మనిషి మా ఊరి వైపు ఆయనే.

ఆ వారంలోనే సంఘ పెద్ద మళ్ళీ వచ్చాడు. ఈసారి మెత్తగా మాట్లాడాడు.

"దేవుడు ప్రాణం తీయకుండా హెచ్చరిక ఇచ్చినాడమ్మా. ఆదివారం సంఘం ముందర నిలబడి సాక్ష్యం సెప్పు. ఇంక పోనని ఒప్పుకో. ఎవురూ నిన్నేమీ అనరు. కీబోర్డు ఎప్పటి మాదిరిగా నీదే."

"సాక్ష్యం చెప్తాను పెద్దయ్యా," అన్నాను. మిగతాదానికి నేనేమీ మాటివ్వలేదు.

మా చర్చిలో పాటలకూ వాక్యానికీ మధ్య సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకు చేసిన మేలు ఏమిటో ఎవరైనా లేచి చెప్పవచ్చు. జ్వరం తగ్గిందని, బోరులో నీళ్ళు పడ్డాయని, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చెబుతారు. ఒక్కో మాటకూ అందరూ స్తోత్రం అంటారు. ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. నాయన మైకు ముందు నిలబడి, "సాక్ష్యం సెప్పేవాళ్ళు ఎవురైనా ఉండారా?" అని అడిగాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను కట్టుతోనే లేచి నిలబడ్డాను. మైకు తీసుకోలేదు.

"అందరికీ వందనాలు. పోయిన వారం దేవుడు నాకు చేసిన మేలు చెప్తాను. శనివారం వానలో రేసు జరిగింది. నాకంటే మంచి బండ్లు ఉండేవాళ్ళు, మంచి టైర్లు ఉండేవాళ్ళు జారి పడిపోయినారు. నేను పడలేదు. పదకొండో స్థానంలో వచ్చినా. దానికి దేవునికి స్తోత్రం."

ఒక్కరూ స్తోత్రం అనలేదు.

"ఎందుకు పడలేదంటే, బురదలో బండి ఎట్ల తోలాలో నాకు మా నాయన నేర్పించినాడు. వెనకాల కూర్చోని నేర్పించినాడు. వానలో మీ ఇండ్లకు ప్రార్థనకు వచ్చేటప్పుడే నేర్పించినాడు. ఆ చదువు ఈడినుంచి పోయిందే."

నాయన అప్పటిదాకా బైబిలులోకి చూస్తున్నాడు. తల ఎత్తాడు.

"ఆదివారం పడినా. ఎముక విరిగింది. ఇది హెచ్చరిక, మానుకోవాల అంటా ఉండారు. పోయినేడు గాలివానకు మన చర్చి రేకులు లేచిపోయి చెరుకు తోటలో పడినాయి. దేవుడు చర్చి మానుకోమంటా ఉండాడని అప్పుడు ఎవురన్నా అన్నారా? మళ్ళీ రేకులు తెచ్చి ఏసుకున్నాం. ఎముక అతుక్కున్నాక నేనూ మళ్ళీ పోతా. నా కోసం ప్రార్థన చేయండి. బండి ముందు ఫోర్కు వంగిపోయింది. దాని కోసం గూడా చేయండి."

కూర్చున్నాను. ఆడవాళ్ళ వరుసలో వెనకాల ఒక అవ్వ ఉంది, చూపు సరిగా ఆనదు, చెవి మాత్రం పాము చెవి. ఆమె గట్టిగా "ఆమెన్!" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. సంఘ పెద్ద ముఖం ఎర్రబడింది. నా చేతికి కట్టుంది, కీబోర్డు లేదు కదా, నాయన చప్పట్లు కొడుతూ తర్వాతి పాట తనే ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం నాయన నా దగ్గరికి వచ్చి మంచం చివర కూర్చున్నాడు. చాలా నెలల తర్వాత మాట్లాడాడు.

"సాక్ష్యంలో అబద్ధం లేదు. అందుకని నోరు తెరవలేదు నేను. నేర్పించినది నేనే, నిజమే. ఆదివారం సంగతి మాత్రం నేను ఒప్పుకోను పాపా. సచ్చేదాకా ఒప్పుకోను."

"ఒప్పుకోమని నేను అడగలేదు నాయనా."

"అడగొద్దు."

"అడగను."

ఆయన తన పట్టు విడవలేదు, నేను నాది విడవలేదు. కానీ మాటలు మొదలయ్యాయి. నా చెయ్యి బాగయ్యాక ఒకరోజు ఆటో రాకపోతే, వచ్చి మోపెడ్ వెనకాల కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడని నేను అడగలేదు.

కీబోర్డు మాత్రం పోయింది. పెద్దల కూటంలో తీర్మానం చేసి సంఘ పెద్ద మేనల్లుడికి ఇచ్చారు. ఆ పిల్లోడికి రెండు పాటలే వచ్చు, అన్ని పాటలకూ ఆ రెండే వాయిస్తాడు. అది నాకు నిజంగా బాధ కలిగించింది. అడిగి తెచ్చుకోమని అమ్మ అంది. నేను అడగలేదు. తప్పని ఒప్పుకుని తెచ్చుకోవాల్సిన కీబోర్డు నాకొద్దు.

ఫోర్కు తిరుపతిలో సరిచేయించాను. ఓవర్‌టైములు మళ్ళీ మొదలుపెట్టాను. తర్వాతి రేసు తేదీ వచ్చింది. ముందురోజు సంచి సర్దుకుంటుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"ఆడ కూర్చునేదానికి నీడ ఉంటాదా?"

"ఎవురికి మా?"

"నాకు."

అమ్మ పాస్టరమ్మ. పెళ్ళయిన నాటి నుంచి ఆమె తప్పిన ఆదివారం లేదు. నన్ను కన్న వారం కూడా చాప మీద కూర్చుని పాట పాడిందని చెప్పుకుంటారు.

"ఆదివారం మా!"

"నాకు తెలియదా? ఈడ కూర్చోని ఫోను మోగినప్పుడల్లా గుండె పట్టుకునేదానికంటే ఆడ కూర్చునేది మేలు. మీ నాయనకు చెప్పేసినా."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? 'నువ్వు గూడానా' అన్నాడు. ఔను, నేను గూడానే, అన్నా."

అమ్మ పికప్‌లో ముందు సీట్లో కూర్చుని వచ్చింది, ఒళ్ళో పెరుగన్నం గిన్నె, పైన ఊరగాయ. శనివారం పోటీలో నా బండి ఇంజను వేడెక్కి సగంలోనే ఆపేయాల్సి వచ్చింది. ట్రాకు దగ్గర పక్క గుడారంవాళ్ళు ఆమెకు కుర్చీ వేసి ఫ్యాను తిప్పారు. మధ్యాహ్నానికి వాళ్ళ మెకానిక్కులంతా మా పెరుగన్నం తింటున్నారు. వాళ్ళకు తెలుగు రాదు, ఆమెకు తమిళం కొంచెం వచ్చు. ఇంజను ఎందుకు వేడెక్కిందో వాళ్ళే చూసి బిగించి ఇచ్చారు.

ఆదివారం పోటీలో నాకు పదమూడో స్థానం వచ్చింది. పదకొండు కంటే తక్కువే. పొడి దారి మీద, ఎవరూ పడకుండా, నా సొంత వేగంతో వచ్చిన పదమూడు. ఆఖరి రౌండులో ఒకతన్ని మలుపు లోపలి వైపు నుంచి దాటాను. ఎవరో పడిపోయినందుకు కాదు, నేనే దాటాను. రేసులో నేను అలా దాటిన మొదటి మనిషి అతనే. బండి దిగి పరిగెత్తుకుంటూ అమ్మ దగ్గరికి పోయాను.

"చూసినావా మా? చివర్లో ఒకతన్ని దాటినా, చూసినావా?"

"యాడ చూసినా? కండ్లు మూసుకోనే ఉంటి. అయిపోయిందని ఈ పిల్లోళ్ళు చెప్తే తెరిసినా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, సూటు మోకాళ్ళ మీది ఎర్ర రెగ్జిన్ తడిమి, "ఇది శానా బాగుండాదే," అంది.

ఇంకా వెలుతురు ఉండగానే ఊరు చేరాం. మా వాకిట్లో నాయన, సంఘ పెద్ద కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పెద్దాయన గట్టిగా చెబుతున్న మాటలు పికప్ ఆగగానే ఆగిపోయాయి. ముందు సీట్లోంచి పాస్టరమ్మ దిగడం ఆయన చూశాడు. వెనకాల బండి, నేను. ఆయన నాయన వైపు తిరిగాడు.

"ఏమయ్యగారూ, ఇదేంది? ఇంటి ఆడమనిషే ఆరాధన మానేసి పోతే సంఘానికి మనమేం చెప్పేది?"

నాయన ముఖంలో ఇష్టం లేదు, అది నేను స్పష్టంగా చూశాను. అయినా ఆ మాట తన మీద వేసుకోలేదు.

"పోయింది ఆమె. వచ్చింది గూడా. నన్నెందుకు అడుగుతారు? ఆమెనే అడగండి."

పెద్దాయన అమ్మ వైపు చూశాడు. పాతికేళ్ళుగా తనకు టీ ఇచ్చిన మనిషిని ఏమని అడగాలో ఆయనకు తోచలేదు. అమ్మ కొంగు సర్దుకుని, చేతులు జోడించింది.

"వందనాలు పెద్దయ్యా. టీ తాగుతారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది. నేనూ, మామిడికాయల అన్నా బండిని దించి చర్చి గోడకు ఆనించాం.